బిడ్డకు ఉగ్గు – కాన్పులకు ఎడం

ఆరు నెలలు నిండేవరకు బిడ్డకు తల్లిపాలు తప్ప చుక్క నీరు కూడా అక్కర్లేదు. ఆరు నిండాక పాలొక్కటే చాలవు. అన్నప్రాసన నాడు నాలుగు మెతుకులు నాలుకకు తగిలించి, ఆ తరువాత ఏడాది దాకా పాలతోనే నెట్టుకొచ్చే ఇళ్ళు మన పల్లెల్లో ఇంకా ఉన్నాయి. వేడుక అయిన మర్నాటి నుంచి బిడ్డ రోజూ తినాలి, పాలూ తాగాలి. రెండేళ్ళు వచ్చేదాకా పాలు మాన్పించనక్కర్లేదు.

కుటుంబ నియంత్రణ పుస్తకంలో ఉగ్గు సంగతి ఎందుకని అడగవచ్చు. ఆఫ్రికాలో ఘనా అనే దేశం ఉంది. అక్కడ 1930లలో పనిచేసిన సిసిలీ విలియమ్స్ అనే డాక్టరమ్మ ఒక జబ్బును గమనించారు. ఏడాది, రెండేళ్ళ పిల్లలకు కాళ్ళు ఉబ్బి, జుట్టు రంగు వెలిసి, చర్మం పొరలుగా ఊడేది. అక్కడి తల్లులు దాన్ని క్వాషియోర్కర్ అనేవారు. తరువాతి బిడ్డ పుట్టడంతో ఎడంచేయబడిన పెద్దబిడ్డకు వచ్చే జబ్బని ఆ మాటకు అర్థం. 1935లో డాక్టరమ్మ ఆ పేరుతోనే వైద్య పత్రికలో రాశారు. తల్లి మళ్ళీ కడుపుతో ఉంది, ఒడిలోని బిడ్డకు పాలు మానిపించారు, బదులుగా ఒట్టి మొక్కజొన్న గంజి పోశారు. పొట్ట నిండింది గాని ఒంటికి సత్తువ అందలేదు. మన ఇళ్ళలోనూ కడుపుతో ఉన్న తల్లి పాలు చెరుపు అని ఉన్నపళంగా మాన్పించడం చూస్తూనే ఉన్నాం. అందుకే ఉగ్గునూ ఎడాన్నీ ఒకచోట చెప్పాలి.

ఒట్టి గంజికి విరుగుడు ఏమిటో చాలా దేశాల తల్లులకు తెలుసు. నేపాల్లో సోయాచిక్కుడు, మొక్కజొన్న, గోధుమ వేయించి విసిరి సర్వోత్తమ పిఠో అనే పిండి చేస్తారు. బెంగాలీలు బియ్యం, పప్పు కలిపి మెత్తగా ఖిచుడీ వండుతారు. కేరళలో పచ్చి అరటికాయ ఎండబెట్టి పొడి చేసి కాచి పెడతారు. అది తేలిగ్గా అరుగుతుంది గాని అందులో పప్పు లేదు, అదొక్కటే పెడితే చాలదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ వారి హైదరాబాద్ మిక్స్‌లో వేయించిన గోధుమ 40 గ్రాములు, శనగపప్పు 16, వేరుశనగ 10, బెల్లం 20 గ్రాములు ఉంటాయి. దాంతో 330 కేలరీల శక్తి, 11 గ్రాములకు పైగా మాంసకృత్తులు వస్తాయి. రెండేళ్ళలోపు బిడ్డకు బెల్లం, చక్కెర వద్దన్నది ఇప్పటి సలహా కాబట్టి మనం బెల్లం మానేద్దాం.

మన అమ్మమ్మల ఉగ్గు కూడా ఇదే లెక్క. బియ్యం గాని జొన్నలు గాని నాలుగు గ్లాసులు, పెసరపప్పు ఒక గ్లాసు, వేరుశనగ గింజలు అర గ్లాసు తీసుకోండి. దేనికది విడిగా దోరగా వేయించి, వేరుశనగ పొట్టు తీసి, మెత్తగా పట్టించి, తడిలేని డబ్బాలో పెట్టండి. బూజు వాసన వచ్చే వేరుశనగ ఒక్క గింజ కూడా పనికిరాదు. రెండు వారాలకు సరిపడా మాత్రమే చేసుకోండి.

ఎక్కువమంది తప్పేది చిక్కదనం దగ్గరే. గొంతు దిగదేమోనని నీళ్ళలా కాస్తారు. బిడ్డ పొట్ట చిన్నది, నీళ్ళతో నిండితే సత్తువకు చోటుండదు. చెంచా వంచితే ఉగ్గు జారిపోకూడదు, మెల్లగా దిగాలి. దించాక ఒక చెంచా నూనె గాని నెయ్యి గాని కలపండి. మొదట్లో రెండు మూడు చెంచాలు చాలు. ఎనిమిదో నెలకు చిన్న గ్లాసులో సగం, రోజుకు రెండు మూడుసార్లు. తొమ్మిదో నెల నుంచి మూడు నాలుగుసార్లు. ఏడాది దాటాక ముప్పావు గ్లాసు నుంచి నిండు గ్లాసు. మెదిపిన తోటకూర, ఉడికిన గుడ్డు, పండిన అరటి, ఇవన్నీ ఆరు నెలలు దాటిన బిడ్డ తినవచ్చు. తేనె మాత్రం ఏడాది లోపు నాకించవద్దు.

చిక్కని ఉగ్గు తినలేని బిడ్డకు ఒక ఉపాయం ఉంది. రాగులు ఒక రాత్రి నానబెట్టి గుడ్డలో మూటకట్టండి. మొలక వచ్చాక బాగా ఎండబెట్టి, మొలకలు నలిపి చెరిగి, పిండి చేయండి. వేయించొద్దు, వేయిస్తే గుణం పోతుంది. చిక్కగా కాచిన ఉగ్గు గోరువెచ్చబడ్డాక ఒక చెంచా ఈ పిండి కలిపితే కాసేపటికి అదే పలచబడుతుంది, సత్తువ తగ్గదు. ఆ తరువాత ఒక పొంగు రానిచ్చి పెట్టండి. జొన్నలతో మాత్రం ఈ పని చేయకండి. వానలు మొహం చాటేసినప్పుడు వాడిన లేత జొన్న మేసి పశువులు పడిపోవడం మన రైతులకు తెలుసు. జొన్న మొలకలోనూ ఆ విషమే ఉంటుంది.

మిరపకోతల రోజుల్లో తల్లి పొద్దున్నే పొలం పోతుంది, బిడ్డ నాయనమ్మ దగ్గర ఉంటుంది. పొద్దున కాచిన గిన్నె మధ్యాహ్నం దాకా ఉంచి పెడితే విరేచనాలు ఖాయం. పిండి డబ్బా అత్తగారికి అప్పగించి, ఏ పూటకాపూట కాచమని చెప్పండి. చేతులు సబ్బుతో కడుక్కోవాలి. సీసా వద్దు, గిన్నె, చెంచా చాలు. అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతం బిడ్డ పేరు మీద వచ్చింది, ఇంటిల్లిపాదీ పంచుకునేది కాదు.

ఇక ఎడం మాట. పాలిచ్చే తల్లికి కడుపు రాదన్న నమ్మకం కొంతవరకే నిజం. బిడ్డ ఆరు నెలల లోపుండాలి, రాత్రీ పగలూ తల్లిపాలే తాగుతుండాలి, తల్లికి బహిష్టు మళ్ళీ మొదలై ఉండకూడదు. మూడూ కుదిరితేనే ఆ రక్షణ. ఉగ్గు మొదలైన నెలలోనే అది సడలుతుంది. బహిష్టు కనపడకముందే నెల తప్పిన వారూ ఉంటారు. కాన్పు తరువాత కనీసం రెండేళ్ళు ఆగి మళ్ళీ గర్భం దాల్చడం తల్లికీ బిడ్డకీ మంచిది. కాపర్-టి వేయించుకుంటే రకాన్ని బట్టి ఐదేళ్ళు గాని పదేళ్ళు గాని పనిచేస్తుంది, కావాలనుకున్నప్పుడు తీయించుకోవచ్చు. అంతర ఇంజెక్షను మూడు నెలలకొకటి. ఛాయ మాత్ర పాలిచ్చే తల్లులు కూడా వేసుకోవచ్చు, మొదటి మూడు నెలలు వారానికి రెండు, తరువాత వారానికి ఒకటి. నిరోధ్ మగవారి వంతు. వీటిలో ఏది మీకు సరిపడుతుందో ఏ.ఎన్.ఎం. గారిని గాని డాక్టరు గారిని గాని అడగండి. బిడ్డకు ఆరో నెల రాకముందే, ఇద్దరూ కలిసి వెళ్ళి అడగండి.