వాటాదారుల సమావేశంలో మేము నేర్చుకున్న పాఠం

పన్నెండో తరగతి అకౌంటెన్సీలో మేము వాటాల జారీ లెక్కలు ఎన్నో చేశాం. వాటాదారు అంటే మాకు పుస్తకంలో ఒక అంకె మాత్రమే. ఆ అంకె వెనుక ఉండే మనిషిని గత సెప్టెంబరులో చూశాం.

మా తరగతి స్నేహితురాలి అమ్మమ్మగారికి హైదరాబాదు బాలానగర్‌లోని ఒక చిన్న కంపెనీలో 200 వాటాలున్నాయి. పంపుల విడిభాగాలు చేసే ఆ ఫ్యాక్టరీలో తాతగారు టర్నరుగా పనిచేసిన రోజుల్లో వాటిని కొన్నారు. చైర్మన్ గారి అనుమతితో మా టీచరు, మేము నలుగురం ఆమె వెంట వార్షిక సర్వసభ్య సమావేశానికి వెళ్లాం.

ఆర్థిక సంవత్సరం మార్చి 31న ముగిస్తే, ఆరు నెలల్లోగా, అంటే సెప్టెంబరు 30లోపు ఈ సమావేశం జరపాలని 2013 కంపెనీల చట్టం చెబుతోంది. కనీసం 21 రోజుల ముందు నోటీసు పంపాలి. అమ్మమ్మగారు మొదట తన బదులు అల్లుడిని పంపాలనుకున్నారు. అలా పంపే వ్యక్తిని ప్రాక్సీ అంటారు. కానీ ప్రాక్సీకి సమావేశంలో మాట్లాడే హక్కు లేదని మా టీచరు చెప్పారు. "అయితే నేనే వస్తాను. అడగాల్సినవి ఉన్నాయి" అన్నారామె.

సమావేశం ఫ్యాక్టరీ క్యాంటీన్‌లోనే జరిగింది. ముందుగా కోరం చూశారు. సభ్యుల సంఖ్య వెయ్యికి మించని పబ్లిక్ కంపెనీలో కనీసం ఐదుగురు సభ్యులు స్వయంగా హాజరు కావాలి. ప్రాక్సీలు ఆ లెక్కలోకి రారు. తర్వాత జమాఖర్చుల ఆమోదం, డివిడెండ్, పదవీకాలం ముగిసిన డైరెక్టరును తిరిగి ఎన్నుకోవడం వరుసగా వచ్చాయి. చేతులెత్తి ఓటు వేసినప్పుడు ఎన్ని వాటాలున్నా మనిషికి ఒక ఓటే. పోల్ జరిగితే మాత్రం వాటాకు ఒక ఓటు.

డివిడెండ్ వాటాకు ఒక రూపాయి అని ప్రకటించగానే అమ్మమ్మగారు లేచారు.

"లాభం పెరిగిందని మీరే రాశారు కదా బాబూ, రెండు రూపాయలు ఇవ్వకూడదా?"

బోర్డు సిఫారసు చేసిన డివిడెండ్‌ను సభ్యులు తగ్గించవచ్చు గాని పెంచలేరని చైర్మన్ గారు వివరించారు. మిగిలిన లాభంతో కంప్యూటర్ సాయంతో నడిచే కొత్త లేత్ మిషన్ కొంటున్నామని చెప్పారు.

"మంచిదే. మరి పాత లేత్‌ల మీద పనిచేసే వాళ్ల సంగతేమిటి? మా ఆయన కూడా ఆ పనే చేశారు."

క్యాంటీన్ ఒక్కసారిగా నిశ్శబ్దమైంది. ఎవరినీ తీసేయమని, వాళ్లకే కొత్త మిషన్ మీద శిక్షణ ఇప్పిస్తామని చైర్మన్ గారు బదులిచ్చారు.

"ఆ మాట మినిట్స్‌లో రాయించండి" అని చెప్పి ఆమె కూర్చున్నారు. డివిడెండ్ తీర్మానానికి ఆమె కూడా చెయ్యెత్తారు.

మినిట్స్ అంటే సమావేశంలో జరిగిన దాని అధికారిక నమోదు. సర్వసభ్య సమావేశం మినిట్స్‌ను ఏ సభ్యుడైనా రుసుము లేకుండా చూడవచ్చు. అమ్మమ్మగారు ఎందుకు అంత పట్టుబట్టి రాయించారో తిరుగు ప్రయాణంలో బస్సులో మాకు అర్థమైంది. వచ్చే ఏడాది ఆ మాట గుర్తుచేయడానికి ఆమె చేతిలో ఒక ఆధారం ఉంటుంది.

200 వాటాలతో ఆమె ఆ కంపెనీ నిర్ణయాన్ని మార్చలేకపోయారు. కానీ ఆమె అడిగినందువల్లే పాత కార్మికుల సంగతి అందరి ముందుకు వచ్చింది. పెద్ద వాటాదారులెవరూ ఆ ప్రశ్న అడగలేదు.

మీ ఇంట్లో ఎవరికైనా ఇలాంటి నోటీసు వస్తే పాత కాగితాల్లో పడేయకండి. పెద్దల పక్కన కూర్చుని ఒకసారి చదవండి. అడగాల్సింది ఉంటే వాళ్లతో పాటు వెళ్లిరండి.