చలికాలపు పెరటి మడి

మీ మనిషిని ఇంటికి పంపేటప్పుడు డాక్టరుగారు మందుల చీటీ రాసి ఇచ్చి, చివర్లో "ఆకుకూరలు, కూరగాయలు బాగా పెట్టండి" అని చెబుతారు. మీరు సరేనని తల ఊపుతారు. బస్సెక్కి ఊరు చేరాక ఆ మాట మరుగున పడుతుంది. ఆసుపత్రి ఖర్చు అయ్యాక రోజూ సంతలో కూర కొనాలంటే ఎవరికైనా చెయ్యి ఆడదు. అందుకే ఈ పాఠంలో కొనే సంగతి కాక, పండించుకునే సంగతి చెప్పుకుందాం. దానికి ఏడాదిలో అన్నిటికన్నా తేలికైన కాలం అక్టోబరు నుండి ఫిబ్రవరి వరకు.

పాలకూర, కొత్తిమీర, ముల్లంగి, క్యారెట్ ఎండకు ఓర్వవు. వేడి ముదిరితే పాలకూర, కొత్తిమీర ఆకు వేయడం మాని పూతకు వస్తాయి. చలిరోజుల్లో మెత్తగా, నిదానంగా పెరుగుతాయి. నేల త్వరగా ఆరదు కాబట్టి నీళ్ళూ తక్కువే పడతాయి. గోంగూర తీరు వేరు. పగటి పొద్దు తగ్గగానే అది పూతకు వస్తుంది. దాన్ని వేసవికి, వానాకాలానికి వదిలేయండి.

ఆకుకూర ఏం చేస్తుంది, ఏం చేయదు?

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింటిలోనూ స్త్రీలలో సగం కంటే ఎక్కువమందికి రక్తహీనత ఉన్నట్లు తేలింది. 100 మిల్లీలీటర్ల రక్తంలో హీమోగ్లోబిన్ గర్భిణులు కాని స్త్రీలకు 12 గ్రాములు, పురుషులకు 13 గ్రాములకు తగ్గితే రక్తహీనత అంటారు.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. పాలకూర తింటే చాలు, రక్తం పట్టేస్తుందని చాలామంది ఐరన్ మాత్రలు మానేస్తారు. అది పొరపాటు. ఆకుకూరలోని ఇనుమును మన ఒళ్ళు కొద్దిగానే పీల్చుకుంటుంది. డాక్టరు రాసిన మాత్రలు చెప్పినన్నాళ్ళూ వేసుకోవలసిందే. ఆకుకూర మాత్రకు తోడు, బదులు కాదు. అయితే ఆ తోడు చిన్నది కాదు. రక్తం తయారీకి కావలసిన ఫోలేట్, కంటికి మేలుచేసే 'ఎ' విటమిన్‌గా మారే పదార్థం, 'సి' విటమిన్, విరేచనం సాఫీగా అయ్యేందుకు పీచు అందులో ఉన్నాయి. పప్పులో టమాటా వేసినా, దించాక నిమ్మకాయ పిండినా ఇనుము బాగా ఒంటికి పడుతుంది. భోజనం కాగానే టీ తాగితే ఆ లాభం పోతుంది. టీకి, అన్నానికి మధ్య కనీసం గంట ఎడం ఉంచండి.

మడి ఎలా వేయాలి?

మూడడుగుల వెడల్పు, పదడుగుల పొడవు ఉన్న చోటు చాలు. అంతకన్నా వెడల్పు చేస్తే నడుమకు చెయ్యి అందదు, మడి తొక్కవలసి వస్తుంది. రోజుకు ఐదారు గంటలు ఎండ పడే చోటు చూడండి. జానెడు లోతు తవ్వి, రాళ్ళు ఏరి, బాగా చివికిన పశువుల ఎరువు రెండు మూడు గంపలు కలపండి. పచ్చి పేడ వేయవద్దు, వేర్లు దెబ్బతింటాయి. నెల్లూరు, ప్రకాశం వైపు, కోస్తా అంతటా నవంబరు దాకా తుపాను వానలు పడుతుంటాయి కాబట్టి మడిని నేలకన్నా అరడుగు ఎత్తు చేయాలి. వాన గట్టిగా ఉంటే విత్తడం పది రోజులు ఆపినా నష్టం లేదు.

"మాకు పెరడెక్కడిది? ఉన్నది రేకుల ఇల్లు" అని అడిగేవారు ఉంటారు. అడుగున చిల్లులు పొడిచిన పాత బకెట్లు, బియ్యం సంచులు ఉన్నా మెంతికూర, కొత్తిమీర చక్కగా వస్తాయి. వాటి వేర్లు పెద్దగా లోతు అడగవు. పురుగుమందు, రంగు డబ్బాలు మాత్రం ఎంత కడిగినా వాడకండి.

విత్తనానికి ముందుగా మీ వంటింట్లోనే వెతకండి. పోపుల డబ్బాలోని మెంతులు రాత్రి నానబెట్టి చల్లితే మూడు నాలుగు రోజుల్లో మొలుస్తాయి, నెల లోపే కోతకొస్తాయి. వేయించని ధనియాలను చెప్పు కింద మెల్లగా నలిపి రెండు బద్దలు చేసి, నానబెట్టి వేయాలి. పది రోజులైనా మొలవలేదని మడి తిరగదవ్వకండి, కొత్తిమీర ఆలస్యంగానే లేస్తుంది. పాలకూర విత్తనం కొనుక్కోవాలి. నవంబరు మొదటి వారంలో చల్లితే డిసెంబరు మొదట్లో తొలి కోత వస్తుంది. మొదలు పీకకుండా రెండు వేళ్ళ ఎత్తున కోస్తే మళ్ళీ చిగురిస్తుంది. క్రిస్మస్ వంటకు రెండో కోత అందుతుంది. ముల్లంగి నలభై, యాభై రోజుల పంట. దాని ఆకు కూడా కూరకు పనికివస్తుంది, పారేయకండి. మడి అంతా ఒక్క రోజే చల్లకుండా పదిహేను రోజులకొకసారి మూడో వంతు చొప్పున చల్లితే, ఒకేసారి కుప్పగా వచ్చి ముదిరిపోకుండా ఉంటుంది. టమాటా, వంగ నారు నాలుగైదు మొక్కలు గట్టున నాటండి. కాలీఫ్లవర్ జోలికి మొదటి ఏడాది పోవద్దని నా సలహా. దానికి పురుగు ఎక్కువ. పురుగు కనబడగానే చెయ్యి మందు డబ్బా మీదికి పోతుంది.

దుకాణంలో కొన్న విత్తనాలకు ఎర్రగానో, గులాబీ రంగుగానో మందు పట్టించి ఉంటే అవి తినేవి కావు. పిల్లలకు అందనివ్వకండి. విత్తాక సబ్బుతో చేతులు కడుక్కోండి.

పొలం మందు పెరట్లోకి తేవద్దు

పత్తికి, మిరపకు తెచ్చిన మందు కాస్త మిగిలితే అదే పంపుతో పెరటి కూర మీద కొట్టే అలవాటు మన పల్లెల్లో ఉంది. పొలం పంట కోతకు రావడానికి వారాలు పడుతుంది. పాలకూర రేపే కోస్తాం. మోనోక్రోటోఫాస్‌ను కూరగాయల మీద వాడరాదని ప్రభుత్వం 2005లోనే నిషేధించింది. ఇంకా ఘోరమైనది, మిగిలిన మందును కూల్‌డ్రింకు సీసాలో పోసి చూరులో పెట్టడం. పిల్లవాడు అది తాగేదని తెలిసి తాగడు. మందు ఎప్పుడూ దాని సొంత డబ్బాలోనే, తాళం వేసిన చోట ఉండాలి.

చలికి చిక్కుడు మీద, ముల్లంగి ఆకు మీద పేనుబంక పడుతుంది. తొలి రోజుల్లో వేళ్ళతో నలిపేస్తే, బలంగా నీళ్ళు చిమ్మితే చాలావరకు పోతుంది. మంచు తడి ఉండగా పొయ్యి బూడిద పలచగా చల్లడం పెద్దలు చేసిందే. అప్పటికీ తగ్గకపోతే 50 గ్రాముల వేపగింజల పొడి లీటరు నీళ్ళలో రాత్రంతా నానబెట్టి, వడకట్టి, చిటికెడు సబ్బుపొడి కలిపి సాయంత్రం చల్లండి. నీళ్ళు ఉదయమే పోయండి. రాత్రి ఆకు తడిగా ఉంటే తెగుళ్ళు వస్తాయి.

చెప్పులు వేసుకుని దిగండి

బహిర్భూమికి వాడే నేలలో కొంకిపురుగు పిల్లలు ఉంటాయి. ఉత్త కాళ్ళతో నడిస్తే అవి చర్మంలోంచి దూరి, పేగు చేరి రక్తం పీలుస్తాయి. రక్తం పట్టాలని వేసుకున్న మడిలోనే రక్తం పోగొట్టుకోకూడదు కదా. షుగరు ఉన్నవారు మరీ జాగ్రత్తగా ఉండాలి. కాలికి ముల్లు గుచ్చుకున్నా కొందరికి తెలియదు. మురుగు నీళ్ళు మడికి పెట్టకండి. బియ్యం కడిగిన నీళ్ళు పోయవచ్చు. ఆకును కోయకముందే మూడు నీళ్ళలో కడగండి. తరిగాక కడిగితే విటమిన్లు నీళ్ళలో పోతాయి.

అందరు రోగులకూ ఒకే కూర కాదు

కిడ్నీ జబ్బున్నవారికి ఆకుకూర, టమాటాలలోని పొటాషియం ప్రమాదం కావచ్చు. ఎంత పెట్టవచ్చో డాక్టరును అడిగాకే పెట్టండి. కొందరికి ఎక్కువ నీళ్ళలో ఉడికించి ఆ నీళ్ళు పారబోసి వండమంటారు. మిగతావారు ఆ నీళ్ళు పారబోయకూడదు. గుండె కవాటం మార్చినవారు రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్, ఎసిట్రోమ్ వంటి మాత్రలు వేసుకుంటుంటే, మడి కోతకొచ్చిందని ఒక్కసారిగా ఆకుకూర పెంచకండి. అందులోని 'కె' విటమిన్ మాత్ర పనిని తగ్గిస్తుంది. మానేయాలని కాదు, వారం వారం ఇంచుమించు ఒకే కొలతలో తినాలి. కిడ్నీలో రాయి వచ్చినవారు పాలకూర తగ్గించి మెంతికూర వండుకోవచ్చు. కీమోథెరపీ తీసుకుంటున్నవారికి ముల్లంగి, క్యారెట్ కూడా పచ్చివి వద్దు, ఉడికించి పెట్టండి.

ఫిబ్రవరిలో ఎండ ముదరగానే పాలకూర కాడ లేస్తుంది. అన్నీ పీకేయకుండా బలమైనవి నాలుగు మొక్కలు, కొత్తిమీర ఓ పిడికెడు గింజకు వదలండి. బాగా ఎండాక దులిపి, పొడి సీసాలో కాస్త బూడిద కలిపి మూత పెట్టి, పేరు రాసి ఉంచితే వచ్చే అక్టోబరుకు విత్తనం ఇంట్లోనే ఉంటుంది. ఖాళీ అయిన మడిలో తోటకూర చల్లుకోండి, ఎండకు అది బాగా వస్తుంది.