తరగతి గదిలో సాంకేతిక పరిజ్ఞానం – బోధన, మూల్యాంకనం



నేటి యుగం సాంకేతిక యుగం అని మనం తరచుగా వింటుంటాం. టీవీ, కంప్యూటర్, సెల్‌ఫోన్ ఒకదాని తరువాత ఒకటి తరగతి గదిలోకి వచ్చాయి. అయితే పాఠం ఎంతమందికి చేరింది అనేది ఒక ప్రశ్న, ఎంతమందికి అర్థమైంది అనేది మరొక ప్రశ్న. ఈ రెండింటినీ విడివిడిగా పరిశీలిద్దాం.

పాఠాన్ని చేరవేయడం:

1975 ఆగస్టు 1 నుండి 1976 జూలై 31 వరకు మన దేశంలో ‘సైట్’ అనే ప్రయోగం జరిగింది. అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 సాయంతో ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 గ్రామాలకు టీవీ కార్యక్రమాలు అందించారు. ఆ ఆరు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఉదయం బడిపిల్లలకు, సాయంత్రం పెద్దలకు కార్యక్రమాలు ఉండేవి. 2004 సెప్టెంబర్ 20న విద్య కోసమే రూపొందించిన ఎడ్యుశాట్ ఉపగ్రహాన్ని శ్రీహరికోట నుండి ప్రయోగించారు. కరోనా వల్ల బడులు మూతపడినప్పుడు, 2020 సెప్టెంబర్ 1 నుండి తెలంగాణ విద్యార్థులకు దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ఛానళ్ల ద్వారా పాఠాలు ప్రసారమయ్యాయి.

వీటి వల్ల మేలు ఉంది. గుండె రక్తాన్ని ఎలా పంపుతుంది, గ్రహణం ఎలా పడుతుంది వంటివి నల్లబల్ల మీద గీసిన బొమ్మ కంటే కదిలే బొమ్మతో సులభంగా తెలుస్తాయి. కానీ టీవీ మన సందేహం వినదు. వెనుక వరుసలో కూర్చున్నవాడి ముఖం చూడదు. కాబట్టి వీడియోను మధ్యలో ఆపి, “తరువాత ఏమవుతుంది? ఎందుకు?” అని అడిగే ఉపాధ్యాయుడు ఎప్పటికీ అవసరమే.

మూల్యాంకనం అంటే మార్కులేనా?

మన చిల్కూరు బాలాజీ గుడిలో కోరిక తీరిన భక్తులు 108 ప్రదక్షిణలు చేస్తారు. లెక్క తప్పకుండా అంకెలున్న కాగితం చేతిలో పట్టుకొని, ఒక్కో చుట్టుకు ఒక్కో అంకె కొట్టేస్తారు. ఎన్ని చుట్లు అయ్యాయో ఆ కాగితం చెబుతుంది. మనసులో ఏముందో చెప్పదు. మార్కుల జాబితా కూడా అంతే.

ఒక ఉదాహరణ చూడండి. 1/3 + 1/4 ఎంత? జవాబులుగా 2/7, 2/12, 1/12, 7/12 ఇచ్చారనుకుందాం. సరైనది 7/12. 2/7 అన్నవాడు లవాలను, హారాలను విడివిడిగా కూడాడు. 2/12 అన్నవాడికి క.సా.గు. తెలుసు, లవాలను మార్చడం మరిచాడు. 1/12 అన్నవాడు కూడికకు బదులు గుణించాడు. ముగ్గురికీ వచ్చేది సున్నానే. కానీ ముగ్గురికీ చెప్పవలసింది వేరు వేరు.

ఇక్కడ సాంకేతిక పరిజ్ఞానం నిజంగా ఉపయోగపడుతుంది. ‘ప్లికర్స్’ అనే పద్ధతిలో ప్రతి విద్యార్థికి నలుపు తెలుపు బొమ్మ ఉన్న ఒక కార్డు ఇస్తారు. కార్డును ఏ వైపు తిప్పి పట్టుకుంటే ఆ జవాబు. ఉపాధ్యాయుడు తన ఫోన్ కెమెరాను తరగతి అంతటా తిప్పితే ఎవరు ఏ జవాబు ఎంచుకున్నారో తెలుస్తుంది. పిల్లల దగ్గర ఫోన్లు ఉండనక్కరలేదు. ఒక్కొక్కరి బొమ్మ వేరు కనుక పక్కవాడిని చూసి పట్టుకోవడం కుదరదు. అదీ లేకపోతే స్లిప్ టెస్టు తరువాత కంప్యూటర్‌లో ఎక్సెల్ పట్టిక చాలు. అడ్డంగా పేర్లు, నిలువుగా ప్రశ్నలు. అడ్డంగా కూడితే ఒక విద్యార్థి మార్కులు వస్తాయి. నిలువుగా కూడితే తరగతి మొత్తం ఏ ప్రశ్న దగ్గర ఆగిపోయిందో తెలుస్తుంది. మనం సాధారణంగా మొదటిది చూసి, రెండోది వదిలేస్తాం.

యంత్రం చెప్పిందే తుది మాటా?

కాదు. 2019 ఏప్రిల్ 18న వెలువడిన తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితాల్లో ఒక విద్యార్థినికి తెలుగులో సున్నా చూపారు. మళ్లీ పరిశీలిస్తే ఆమెకు వచ్చినవి 99. ప్రభుత్వం త్రిసభ్య కమిటీని వేసింది. ఫెయిలైనవారి జవాబు పత్రాలను రుసుము లేకుండా తిరిగి పరిశీలింపజేసింది. మనిషి తప్పు గడి నింపితే యంత్రం ఆ తప్పునే చదువుతుంది. తన జవాబు పత్రం చూసుకునే అవకాశం విద్యార్థికి ఉండాలి. అడిగే ధైర్యం కూడా ఉండాలి.

ఇది మనకెందుకు?

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేను. హాస్టల్ రోజుల్లో నా ప్రోగ్రెస్ కార్డు మీద మా నాయన వేలిముద్ర వేసేవాడు. లెక్కల్లో 38 వస్తే అది 38 అని కూడా ఇంట్లో నేనే చదివి చెప్పాలి. ఎందుకు 38 అయిందో చెప్పేవారు లేరు. చదువుకున్నవారి ఇంట్లో పిల్లవాడి తప్పు రాత్రికే దొరుకుతుంది. మన తప్పు తరగతిలో దొరకకపోతే పబ్లిక్ పరీక్ష దాకా మనతోనే వస్తుంది. అందుకే మంచి మూల్యాంకనం అందరికన్నా మనకు ఎక్కువ అవసరం.

తమ్ముళ్లు చేయగలిగినవి:

1. టెస్టు పేపర్ చేతికి రాగానే మార్కులతో పాటు తప్పులు కూడా లెక్కపెట్టండి.
2. ప్రతి తప్పు పక్కన కారణం రాయండి: తెలియలేదా, మరిచానా, తొందరపడ్డానా?
3. ఒకే తప్పు చేసిన ఇద్దరు ముగ్గురు కలిసి స్టడీ అవర్‌లో కూర్చోండి.
4. వీడియో పాఠం చూశాక పుస్తకం మూసి ఐదు వాక్యాలు సొంతంగా రాయండి.

యంత్రం మన తప్పు ఎక్కడుందో త్వరగా చూపుతుంది. దానిని దిద్దవలసింది మాత్రం గురువు, శిష్యుడు కలిసి. ఈ సంవత్సరం మన హాస్టల్‌లో ప్రతి ఒక్కరూ ఒక తప్పుల నోటుబుక్కు మొదలుపెట్టాలని కోరుకుంటూ, సెలవు.