ఇంటికి ఏసీ తగునా? కొనుటకు ముందు చూడవలసిన సంగతులు

రోహిణి కార్తె రాకమునుపే సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతములలో ఎండ 44 డిగ్రీలకు చేరుట మనకు కొత్త కాదు. కొత్త యేమనగా, ఒకప్పుడు పట్టణములలోని పెద్ద దుకాణములకే పరిమితమైయుండిన ఏసీ యంత్రము నేడు గ్రామములలోని ఇండ్లకును వచ్చినది. ధాన్యము అమ్మిన పైకము చేతికందిన వారములోనే వాయిదాల పద్ధతిపై దానిని తెచ్చుకొనువారు గలరు. తెచ్చుకొనుటకు ముందు పంచాయతీ సభ్యుని సలహా అడుగువారును గలరు. “పెట్టించుకొమ్మందురా, వద్దందురా?” అను ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు లేదు. ఇంటిని చూచి చెప్పవలసియున్నది.

ఇప్పుడు ఇండ్లలో కనిపించు ఏసీ రెండు పెట్టెలుగా నుండును. ఒకటి గది గోడపై, రెండవది ఇంటి వెలుపల. ఈ రెంటిని సన్నని లోహపు గొట్టములు కలుపును. వానిలో తిరుగు వాయువు గదిలోని వేడిని పీల్చుకొని వెలుపలి పెట్టెలో విడిచిపెట్టును. సినిమాహాళ్లలో, పెద్ద ఆసుపత్రులలో వలె చల్లని గాలిని పెద్ద రేకు గొట్టముల గుండ గదిగదికి పంపు ఏర్పాటు ఇందులో లేదు. అట్టి గొట్టములకు మన ఇండ్లలో చోటును లేదు. కావున ఈ రెండు పెట్టెల యంత్రమే మనకు అనువైనది. అయితే దీని చల్లదనము ఆ ఒక్క గదికే చెందును. తలుపు తెరచియుంచి ఇల్లంతయు చల్లబడునని ఆశించుట వ్యర్థము. చలికాలమున గదిని వెచ్చజేయు రకములు కూడ అంగళ్లలో గలవు. హిమాలయ ప్రాంతముల వారికి అవి పనికివచ్చును గాని, మన వైపు పుష్యమాసపు తెల్లవారుజామునకు కంబళి చాలును. దానికై అదనపు సొమ్ము చెల్లించనక్కరలేదు.

యంత్రమునకు ముందు పైకప్పును చూడవలెను. శ్లాబు పగలంతయు ఎండను త్రాగి, రాత్రి చాల పొద్దుపోవువరకు ఆ వేడిని గదిలోనికి దింపుచుండును. రేకుల ఇంటి సంగతి ఇంకను కష్టము. రేకు ఇట్టే కాగును. రేకునకు, గోడకు నడుమ సందులుండును. చల్లని గాలి ఆ సందుల గుండ పోవుచుండగా యంత్రమునకు విశ్రాంతి యుండదు. సందులు మూసి, రేకు క్రింద మరియొక కప్పు వేయించనిదే అట్టి గదిలో ఏసీ పెట్టుట డబ్బును ఎండలో ఆరబోయుటయే. శ్లాబు ఇంటివారు మొదట మేడపై సున్నము గాని, ఎండను త్రిప్పికొట్టు తెల్లని పూత గాని వేయించి ఒక వేసవి చూడవలెను. గది వేడి రెండు మూడు డిగ్రీలు తగ్గుటకు అవకాశము గలదు. సున్నమునకు పేరుపడిన పిడుగురాళ్ల మనకు కృష్ణ దాటినంత దూరమే. 2023లో తెలంగాణ ప్రభుత్వము చల్లని పైకప్పుల విధానమును ప్రకటించినది. చిన్న ఇండ్లకు అది నిర్బంధము కాదు గాని, ఆచరించిన వారికి లాభమే.

తరువాత కూలరును గూర్చి ఒక మాట. చైత్ర వైశాఖములలో మన గాలి పొడిగా నుండును. అప్పుడు తడిసిన గడ్డి తెరల గుండ గాలిని లాగు కూలరు బాగుగనే పనిచేయును. దాని వాడకము పది గంటలకు రెండు యూనిట్లకు మించదు. కాని ఆషాఢము దాటి, సాగరు ఎడమ కాలువ నీటితో మిర్యాలగూడ, కోదాడ పొలములు నాట్లతో నిండిన పిమ్మట గాలిలో తేమ పెరుగును. తేమగాలిలో నీరు ఆరదు, నీరు ఆరనిదే కూలరు చల్లబరచదు, పైగా ఉక్క హెచ్చును. కూలరు చెడిపోయినదని ఆ నెలలలో మరమ్మతు అంగడికి మోసుకొనిపోవువారిని ఈ రచయిత చూచియున్నాడు. చెడినది కూలరు కాదు, కాలము మారినది. కిటికీ తెరచియుంచినచో కొంత నయము. మీ కష్టము వేసవి ఎండయా, వానకాలపు ఉక్కయా అను విషయము ముందు తేల్చుకొనవలెను. ఎండ మాత్రమే యైనచో ఏసీతో పని లేకపోవచ్చును.

ఇక ఖర్చు. యంత్రము వెల ఒక్కసారి చెల్లించునది; కరెంటు బిల్లు నెలనెలా వచ్చునది. 2024 మార్చి నుండి గృహజ్యోతి పథకము క్రింద అర్హత గల ఇండ్లకు నెలకు 200 యూనిట్ల వరకు బిల్లు లేదు. 200 దాటినచో దాటిన యూనిట్లకు మాత్రమే గాక, మొత్తమునకు చెల్లించవలసివచ్చును. ఆ బిల్లు వెయ్యి రూపాయలకు పైబడును. అనగా 201వ యూనిటు ఇంటికి మిక్కిలి ఖరీదైనది.

ఫ్యాన్లు, ఫ్రిజ్, టీవీ గల ఇంటిలో నెలకు 100 యూనిట్లు కాలుచున్నవనుకొందము. ఒకటిన్నర టన్నుల ఏసీ నడివేసవిలో గంటకు ఒక యూనిటు తీసికొన్నను, రాత్రి ఎనిమిది గంటల చొప్పున నెలకు 240 యూనిట్లగును. మొత్తము 340. ఉచితము పోయినది. అదే ఇంటిలో ఒక టన్ను, ఐదు నక్షత్రముల ఇన్వర్టరు రకము పెట్టి, రోజుకు ఐదు గంటలు నడపినచో, గంటకు 0.6 యూనిట్ల లెక్కన 90 యూనిట్లు. మొత్తము 190. పరిమితిలోనే యున్నది, కాని అంచుమీద నున్నది. చుట్టములు వచ్చిన నెలలో దాటిపోవును. యంత్రముపై అంటించిన నక్షత్రముల చీటిలో సంవత్సరపు వాడకము వ్రాసియుండును. అది 1600 గంటల లెక్క. ఆ అంకెను 1600చే భాగించినచో గంటకు సగటు వాడకము తెలియును. 44 డిగ్రీల ఎండలో వాడకము ఆ సగటుకంటె ఎక్కువ యుండునని గుర్తుంచుకొనవలెను. మీటను 18 వద్ద పెట్టినంత మాత్రమున గది త్వరగా చల్లబడదు; 26 వద్ద ఉంచి ఫ్యాను మెల్లగా త్రిప్పుట మేలు.

టన్ను అనగా యంత్రము బరువు కాదు. ఒక రోజులో సుమారు ఒక టన్ను మంచును కరగించునంత వేడిని తొలగించు శక్తి. పది పన్నెండడుగుల గదికి సాధారణముగా ఒక టన్ను సరిపోవును.

ఖర్చు ఎంతయైనను పెట్టదగిన ఇండ్లును గలవు. మంచమున పడిన వృద్ధులు, పసికందులు, గుండెజబ్బు గలవారు ఉన్న చోట లెక్క వేరు. గాలి 40 డిగ్రీలు దాటినప్పుడు ఫ్యాను వేడిగాలినే ఒంటిపై కొట్టునని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరించుచున్నది. 2025 ఏప్రిల్‌లో మన రాష్ట్ర ప్రభుత్వము వడదెబ్బను రాష్ట్ర ప్రత్యేక విపత్తుగా గుర్తించినది. అట్టి ఇంటివారు మధ్యాహ్నము పన్నెండు మొదలు నాలుగు వరకు ఒక గదిని చల్లగా నుంచుకొనుట విలాసము కాదు.

పంచాయతీ సభ్యులు ప్రత్యేకముగా చూడవలసినది ఊరి ట్రాన్స్‌ఫార్మరు. ఒక వీథిలో పది ఏసీలు ఒకేసారి రాత్రి తొమ్మిదికి నడచినచో వోల్టేజి పడిపోవును, అందరి ఫ్యాన్లును మందగించును. ఏసీ పెట్టించువారు విద్యుత్ కార్యాలయమున అదనపు లోడునకు దరఖాస్తు చేయునట్లు చెప్పవలెను. దరఖాస్తులు లేనిదే ట్రాన్స్‌ఫార్మరు పెంచవలసిన అవసరము కాగితముపై కనిపించదు. ఏసీకి విడి తీగ, సరియైన ఎర్తు ఉండవలెను. పాత తీగకే తగిలించుట అగ్నిప్రమాదమునకు దారి. వెలుపలి పెట్టెను నీడపట్టున, ఇరుకు సందులోని పొరుగువారి కిటికీకి వేడిగాలి కొట్టకుండ అమర్చవలెను. బియ్యపు మిల్లులకు దగ్గరనున్న ఇండ్లలో ఊక దుమ్ము పెట్టెలను మూసివేయును. లోపలి జల్లెడను రెండు వారములకొకసారి కడుగుచు, వెలుపలి పెట్టెను వేసవికి ముందు శుభ్రము చేయించవలెను. గొట్టము నుండి కారు నీటిని వీథిలోనికి వదలక, చెట్టు మొదటికి మళ్లించిన చాలును.