వాడిన సూది

మన కడుపులోని క్లోమ గ్రంథి ఇన్సులిన్‌ను తయారుచేస్తుంది. రక్తంలోని చక్కెరను అదుపులో ఉంచేది ఇదే. ఇది చాలకపోయినా, సరిగా పనిచేయకపోయినా మధుమేహం వస్తుంది. దీనినే మనం షుగరు జబ్బు అంటాం. 1921లో కెనడాలోని టొరంటో నగరంలో బాంటింగ్, బెస్ట్ అనేవారు ఇన్సులిన్‌ను కనుగొన్నారు. 1922 జనవరిలో 14 ఏళ్ళ బాలునికి దానిని తొలిసారిగా ఇచ్చారు. అప్పటినుండి ఎందరో ప్రాణాలు దక్కించుకున్నారు.

నేడు చాలామంది రోగులు ఇంటివద్దనే ఇన్సులిన్ సూది వేసుకుంటున్నారు. రోజుకు రెండు సూదులు వాడితే ఏడాదికి 730 అవుతాయి. మరి ఇవన్నీ ఎక్కడికి పోతున్నాయి?

కొందరు వీటిని చెత్తబుట్టలోనో, పెంటకుప్ప మీదనో పారవేస్తారు. అవి ఘంటాగాడిలో చెత్త ఎత్తే కార్మికుల చేతులకు గుచ్చుకోవచ్చు. సిరోంచ వీధులలోని చెత్త వాననీటితో ప్రాణహితకు చేరితే, స్నానానికి దిగేవారి కాళ్ళకు గుచ్చుకోవచ్చు. మధుమేహం అంటువ్యాధి కాదు. కాని సూదికి అంటిన రక్తం వల్ల హెపటైటిస్-బి, హెపటైటిస్-సి, హెచ్.ఐ.వి. సోకే ప్రమాదం ఉంది. 2009లో గుజరాత్‌లోని మొడాసాలో వాడిన సిరంజిలనే మళ్ళీ వాడడం వల్ల హెపటైటిస్-బి వ్యాపించి అనేకులు మరణించారు. 2016లో కేంద్రప్రభుత్వం చేసిన నియమాలు ఇంట్లో వాడిన సూదులను ప్రమాదకరమైన చెత్తలో చేర్చాయి.

మరి ఏం చేయాలి? మందమైన ప్లాస్టిక్ డబ్బా ఒకటి తీసుకోవాలి. దానికి బిగుతైన మూత ఉండాలి. "వాడిన సూదులు - ముట్టరాదు" అని తెలుగులోను, మరాఠీలోను రాసి అంటించాలి. వాడిన వెంటనే సూదిని వంచక, విరవక అందులో వేయాలి. డబ్బాను పిల్లలకు అందనిచోట ఉంచాలి. ముప్పాతిక నిండగానే మూత బిగించి పట్టీ చుట్టాలి. దానిని ఎక్కడ అప్పగించాలో గ్రామీణ ఆసుపత్రిలో గాని, ఆశా కార్యకర్తను గాని అడిగి తెలుసుకోవాలి. సూదులను కాల్చరాదు, పాతిపెట్టరాదు, నదిలో వేయరాదు.

ఎవరికైనా సూది గుచ్చుకుంటే గాయాన్ని పిండరాదు, నోటితో పీల్చరాదు. పారే నీటితో, సబ్బుతో కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

పిల్లలూ! మీ ఇంట్లో తాతయ్యో, అమ్మమ్మో ఇన్సులిన్ వాడుతుంటే ఈ డబ్బాను మీరే సిద్ధంచేసి ఇవ్వండి. దారిలో సూది కనిపిస్తే ముట్టకండి, పెద్దలకు చెప్పండి. మనకు ప్రాణం నిలిపిన సూది మరొకరికి ముప్పు కారాదు.

ప్రశ్నలు
1. వాడిన సూదుల వల్ల ఎవరెవరికి ప్రమాదం? ఎందుకు?
2. సూది గుచ్చుకుంటే ఏం చేయాలి? ఏం చేయరాదు?
3. రోజుకు మూడు సూదులు వాడే రోగికి ఏడాదికి ఎన్ని సూదులు పోగవుతాయి?