భార్య వీసా తిరస్కరణ: రీవాల్యుయేషనా, సప్లిమెంటరీయా?

ప్రతి ఏటా ఈ సావనీరులో మేము స్కాలర్‌షిప్పుల గురించో, పదో తరగతి ఫలితాల గురించో రాస్తుంటాం. ఈసారి విషయం వేరు. రెండు మూడేళ్లుగా నిజామాబాద్, బోధన్, ఆర్మూర్ వైపు కుటుంబాలు ఒక ఇంగ్లిషు ఉత్తరం పట్టుకుని మా ఇంటికి వస్తున్నాయి. నిఖా అయింది, అబ్బాయి ఇంగ్లండ్‌లో ఉన్నాడు, అమ్మాయికి భార్య వీసా రాలేదు. ఉత్తరం బల్ల మీద పెట్టి అందరూ అడిగేది ఒకటే. "సార్, అప్పీలు చేయాలా, మళ్లీ కొత్తగా కట్టాలా?"

మేము వకీళ్లం కాము, బడిపంతుళ్లం. ఉత్తరాన్ని శ్రద్ధగా చదివి పెట్టడం వరకే మా పని. కానీ ఈ కుటుంబాలకు చేబదులు ఇచ్చేది, ఫీజు కట్టేది మీరే. మీలో ఒకరిద్దరు మీ సొంత బిడ్డల కోసం కూడా ఈ ప్రశ్న అడిగారు. అందుకే మాకు తెలిసినంత ఇక్కడ పాఠంలా చెప్పుకుందాం.

ఇంటర్ ఫలితాలు వచ్చిన రోజు గుర్తు చేసుకోండి. ఫెయిలైన పిల్లవాడికి రెండు దారులు. జవాబు బాగానే రాశాడు, దిద్దినవారు మార్కులు తప్పు వేశారు అనుకుంటే రీవాల్యుయేషన్. జవాబే సరిగా రాయలేదు అనుకుంటే మళ్లీ చదివి సప్లిమెంటరీ. ఏ పిల్లవాడికి ఏది అన్నది జవాబుపత్రం చూస్తేనే తెలుస్తుంది. తండ్రి కోపాన్ని బట్టి తేల్చేది కాదు. భార్య వీసా తిరస్కరణలో కూడా మొదటి ప్రశ్న ఇదే: తప్పు దిద్దినవారిదా, రాసిన మనదా?

ఈ మాట ఇంత సులువుగా చెబుతున్నాం గానీ, మొదటిసారి మేమే తప్పాం. బోధన్ వైపు అమ్మాయి, డిగ్రీ చదివింది. నిఖా అయ్యాక ప్రైవేటు బడిలో ఉద్యోగం మానేసి వీసా కోసం ఎదురుచూస్తోంది. లెస్టర్‌లో ఉన్న అల్లుడి జీతం ఏడాదికి ముప్పై వేల పౌండ్లు. 2024 ఏప్రిల్ 11 నుంచి అక్కడ ఉన్నవారి ఆదాయం కనీసం 29,000 పౌండ్లు ఉండాలన్న నియమం ఉంది. అంతకుముందు 2012 నుంచి అది 18,600. ముప్పై వేలు ఉన్నా తిరస్కరించారంటే అన్యాయమే కదా అనుకున్నాం. వాళ్ల నాన్న కళ్లలో నీళ్లు చూసి, "అప్పీలు వేయండి భాయ్, మీ వైపు న్యాయం ఉంది" అన్నాం.

ఉత్తరం రెండో పేజీలో ఒక వాక్యం ఉంది. అబ్బాయి ఆ ఉద్యోగంలో చేరి నాలుగు నెలలే అయింది. ఒకే యజమాని దగ్గర కనీసం ఆరు నెలలు పనిచేసి ఉంటే, ఆ ఆరు నెలల జీతం చూస్తారు. అంతకన్నా తక్కువైతే ఇప్పటి జీతం ఒక్కటే చాలదు, గడిచిన పన్నెండు నెలల్లో నిజంగా చేతికొచ్చిన మొత్తం కూడా 29,000 దాటాలి. అంతకుముందు అతడు చిన్న జీతానికి చేసేవాడు, మొత్తం దాటలేదు. అంటే దిద్దినవారు సరిగ్గానే దిద్దారు. ఇంకో రెండు నెలలు ఓపిక పట్టి మళ్లీ దరఖాస్తు చేసుకుంటే సరిపోయేది. మేము అప్పీలు వేయించాం. ఏడు నెలలైనా విచారణ తేదీ రాలేదు. ఆ ఏడు నెలలూ గల్లీలో "అమ్మాయిని వదిలేశారట" అన్న మాట తిరిగింది. ఆ పిల్ల మేము నడిపే ట్యూషన్‌కి సాయానికి వచ్చేది, రావడం మానేసింది. చివరికి అక్కడి సలహాదారు ఒకరు ఫైలు చూసి, అప్పీలు వెనక్కి తీసుకుని కొత్త దరఖాస్తు వేయమన్నారు. మూడు నెలల్లోపే వీసా వచ్చింది. ఆ ఏడు నెలలు మా తొందరపాటు వల్ల పోయినవి. ఆ భాయ్ ఇప్పటికీ మమ్మల్ని ఒక్క మాట అనలేదు, అదే మాకు ఎక్కువ బాధ.

అప్పటినుంచి మా దగ్గర ఒక అలవాటు పెట్టుకున్నాం. ఉత్తరం తెచ్చినవారితో ముందు మాట్లాడం. మూడు రంగుల పెన్నులు తీస్తాం. అధికారి ఒప్పుకున్న అంశాల కింద ఆకుపచ్చ గీత. కాగితం లేదని కొట్టేసిన వాటి కింద నీలం. కాగితం ఇచ్చినా నమ్మలేదన్న వాటి కింద ఎరుపు. సాధారణంగా ఉత్తరంలో ఆదాయం, నివాసం, ఇంగ్లిషు, భార్యాభర్తల సంబంధం ఒక్కొక్కటిగా చర్చిస్తారు. నీలం ఎక్కువుంటే ఆ కాగితం మన దగ్గర అప్పటికే ఉందా, లేక ఇప్పుడు సంపాదించాలా అని చూస్తాం. ఎరుపు ఉంటే ఆ అనుమానం కొత్త దరఖాస్తుతో పోతుందా అని ఆలోచిస్తాం. చాలాసార్లు పోదు. పాత తిరస్కరణను కొత్త దరఖాస్తులో తప్పక చెప్పాలి, దాచడమే పెద్ద నేరం అవుతుంది. కాబట్టి తర్వాతి అధికారి కూడా ఆ పాత మాట చూసే మొదలుపెడతాడు.

ఇక అప్పీలు అంటే ఏమిటో కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మనవాళ్లు దీన్ని కలెక్టరాఫీసులో అర్జీ అనుకుంటారు. ఇది అక్కడి ఫస్ట్ టైర్ ట్రైబ్యునల్ అనే న్యాయస్థానం ముందుకు వెళ్తుంది. అమ్మాయి ఇక్కడే ఉంటే, నిర్ణయం అందిన రోజు నుంచి 28 రోజుల్లోపు వేయాలి. జడ్జి కాగితాలు మాత్రమే చూసి తేల్చాలంటే 80 పౌండ్లు, విచారణ జరిపి తేల్చాలంటే 140 పౌండ్లు. విచారణకు అమ్మాయి వెళ్లలేదు, వీసానే లేదు కదా. అబ్బాయి వెళ్లి జడ్జి ఎదుట సాక్ష్యం చెబుతాడు. జడ్జి అడిగే ప్రశ్న కూడా "అధికారి తప్పు చేశాడా?" అని నేరుగా ఉండదు. ఈ తిరస్కరణ వల్ల ఈ దంపతుల కుటుంబ జీవన హక్కుకు భంగం కలుగుతోందా అన్నది అసలు ప్రశ్న. యూరోపియన్ మానవ హక్కుల ఒడంబడిక ఎనిమిదో అధికరణం అంటే అదే. నియమాలన్నీ తీరుస్తున్నామని చూపగలిగితే ఆ ప్రశ్నకు జవాబు చాలావరకు మన వైపే ఉంటుంది.

కానీ నియమమే అన్యాయం అని వాదించి గెలవడం వేరే సంగతి. ఒక పెద్దాయన "పేదోడు పెళ్లాన్ని తెచ్చుకోకూడదా? ఇదేం జీతం రూలు సార్?" అన్నారు. ఆయన ఆవేదన నిజమే, మాకూ అదే అనిపిస్తుంది. అయితే ఆ వాదన 2017లోనే అక్కడి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. కనీస ఆదాయ నియమం పెట్టడం చట్టవిరుద్ధం కాదని కోర్టు తేల్చింది. పిల్లల మేలును, ఇతర ఆదాయ మార్గాలను నియమాలు సరిగా పట్టించుకోలేదని మాత్రం తప్పుపట్టింది, ఆ మేరకు నియమాలు సవరించారు. కాబట్టి ఆదాయం నిజంగా తక్కువుంటే, అసాధారణ పరిస్థితులు ఏవీ లేకపోతే, అప్పీలు మీద ఆశ పెట్టుకోకండి.

ఇప్పుడు కొత్త దరఖాస్తు లెక్క. ఫీజు 2025 ఏప్రిల్‌లో 1,938 పౌండ్లు అయింది. పౌండు నూరు రూపాయలు దాటి ఉంది, అంటే రెండు లక్షల చిల్లర. తిరస్కరిస్తే ఇది తిరిగి రాదు. దీనితోపాటు కట్టే ఆరోగ్య సర్‌చార్జి 3,105 పౌండ్లు మాత్రం తిరిగి ఇస్తారు, ఈ సంగతి చాలా కుటుంబాలకు తెలియదు. పాత ఫైలునే మళ్లీ పంపితే సరిపోతుందనుకోవడం కూడా పొరపాటు. టీబీ పరీక్ష సర్టిఫికెట్ ఆరు నెలలే చెల్లుతుంది. ఇంగ్లిషు పరీక్షది రెండేళ్లు. జీతం స్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు దరఖాస్తు తేదీకి దగ్గరివి కావాలి, ప్రతి స్లిప్పులోని మొత్తం బ్యాంకులో పడినట్టు కనిపించాలి.

కొత్త దరఖాస్తుకు ఇంకో చిక్కు ఉంది. అది వేసిన రోజున ఉన్న నియమం దానికి వర్తిస్తుంది. 2024 ఏప్రిల్ 11కి ముందు దరఖాస్తు వేసి తిరస్కరణ పొందినవారికి 18,600 లెక్క ఉండేది. అప్పీలు వదిలి కొత్తగా వేసినవారు 29,000 లెక్కలోకి వెళ్లిపోయారు. కొత్తగా వేసే ముందు మధ్యలో నియమం మారిందేమో చూసుకోవాలని దీన్నిబట్టి తెలుస్తుంది.

ఆర్మూర్ అమ్మాయి సంగతి మొదటిదానికి పూర్తిగా తిరగబడిన పాఠం. అక్కడ ఆదాయం అంతా ఆకుపచ్చే. ఎరుపంతా ఒకేచోట. "మీ సంబంధం నిజమైనదని నమ్మకం కలగలేదు. పెళ్లి రోజుల్లో తప్ప కలవలేదు. మెసేజీలు ఏ భాషలో ఉన్నాయో తెలియదు." ఏజెంటు "మళ్లీ కట్టండి, ఈసారి వస్తుంది" అన్నాడట. తల్లి అప్పటికే గాజులు కుదువ పెట్టడానికి సిద్ధమైంది.

ఫైలు తెప్పించుకుని చూశాం. అబ్బాయి నిఖా తర్వాత ఇంకోసారి వచ్చి ఇరవై రోజులు ఉండి వెళ్లాడు. ఆ పాస్‌పోర్టు ముద్రల నకలు ఫైలులోనే ఉంది, అధికారి చూడలేదు. మెసేజీలు మాత్రం మన తప్పే. ఉర్దూ మాటలు ఇంగ్లిషు అక్షరాల్లో, మధ్యలో తెలుగు, అనువాదం లేదు. ఇంగ్లిషులో లేని ఏ కాగితానికైనా అనువాదం జతచేయాలి. మరో మాట కూడా గమనించాం. పెద్దలు కుదిర్చిన పెళ్లిలో అబ్బాయీ అమ్మాయీ నిఖాకు ముందు ఒకటి రెండుసార్లే, అదీ ఇంటివాళ్ల మధ్య కలుస్తారు. మనకది వివరించాల్సిన విషయంగా తోచదు. ఉత్తరం చదివే అధికారికి వివరించకపోతే అది లోటుగానే కనిపిస్తుంది.

ఆరో రోజే అక్కడి సలహాదారుకు ఉత్తరం పంపాం. విచారణ కోరుతూ అప్పీలు వేయించారు. రెండువైపులా తండ్రులు సంబంధం ఎలా కుదిరిందో రాసి సంతకం చేశారు. మెసేజీల్లో నెలకు కొన్ని చొప్పున ఎంచి అనువాదం చేయించాం. అబ్బాయి నెలనెలా పంపిన డబ్బు రసీదులు జతపరిచాం. విచారణకు ముందు హోం ఆఫీసు తన నిర్ణయాన్ని తానే మళ్లీ చూసుకునే దశ ఒకటి ఉంటుంది. ఆ దశలోనే వెనక్కి తగ్గి, నిర్ణయం ఉపసంహరించుకుంది. మొత్తం ఎనిమిది నెలలు. ఆలస్యమే, కాని ఆ ఎర్ర గీత చెరిగిపోయింది. కొత్త దరఖాస్తు వేసి ఉంటే రెండు లక్షలు పోయి, అదే అనుమానం మళ్లీ ఎదురయ్యేదని మా అభిప్రాయం.

మోసం చేశారు, దొంగ కాగితం పెట్టారు అన్న మాట ఉత్తరంలో ఉంటే మాత్రం ఇంత ఆలోచన కూడా అక్కర్లేదు. అది నిజం కాకపోతే అప్పీలు చేయాల్సిందే. ఆ మచ్చ తర్వాతి ప్రతి వీసాకూ అడ్డొస్తుంది.

దాతలతో ప్రత్యేకంగా ఒక విషయం. "కొన్నాళ్లు మా అల్లుడి ఖాతాలో వేయండి, చూపించాక తిరిగి ఇస్తాం" అని అడుగుతారు. మంచి మనసుతో ఇస్తారు. దానివల్ల మేలు జరగదు. జీతం తగ్గినచోట పొదుపు కలపవచ్చు, కాని అందులో మొదటి 16,000 పౌండ్లు లెక్కకే రావు. ఆపైన ఉన్నదాన్ని రెండున్నరతో భాగిస్తారు. జీతం 25,000 ఉంటే, నాలుగు వేల లోటు పూడ్చడానికి 26,000 పౌండ్ల పొదుపు కావాలి. జీతమే లేకపోతే 88,500. ఆ డబ్బు ఆరు నెలలు దంపతుల ఖాతాలో కదలకుండా ఉండాలి. కానుకగా వచ్చినదైతే పనికొస్తుంది, అప్పు అయితే పనికిరాదు. ఎక్కడినుంచి వచ్చిందో చెప్పాలి కూడా. అప్పును కానుక అని రాసిస్తే పైన చెప్పిన మోసం మచ్చ మనమే వేయించినవారమవుతాం.

ఆ డబ్బు కన్నా మొదటి వారంలో సరైన మనిషి చేత ఉత్తరం చదివించడానికి చేసే సాయం ఎక్కువ పనికొస్తుంది. అక్కడ వలస విషయాల్లో సలహా ఇవ్వాలంటే సొలిసిటర్ లాంటి అర్హత ఉన్న వకీలైనా కావాలి, లేదా ఇమ్మిగ్రేషన్ అడ్వైస్ అథారిటీలో నమోదైనా ఉండాలి. నమోదు నంబరు అడగండి. ఇక్కడి ఏజెంట్లలో మంచివారు లేరని కాదు. కాని కొత్త దరఖాస్తు వేస్తేనే కమిషన్ వచ్చే మనిషి అప్పీలు వేయమని చెబుతాడా?

పెళ్లి కాగితాల గురించి కూడా రెండు మాటలు. ఖాజీ సాబ్ ఇచ్చే నిఖానామా ఉర్దూలో ఉంటుంది. నాంపల్లి హజ్ హౌస్‌లో వక్ఫ్ బోర్డు ఖజాత్ విభాగం ఇంగ్లిషులో వివాహ ధ్రువపత్రం ఇస్తుంది. నిఖా అయిన వారంలోనే తెచ్చుకుంటే మంచిది. పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉందో లేదో అక్కడే నిలబడి చూసుకోండి. బేగం, సుల్తానా, తండ్రి పేరు ఒక్కో కాగితంలో ఒక్కోలా ఉండటం మేము ప్రతి ఫైలులోనూ చూస్తున్నాం.

ఈ వ్యాసం అచ్చుకు ఇచ్చేనాటికి మా బల్ల మీద మరో ఉత్తరం ఉంది. వచ్చి పదకొండు రోజులైంది, మాకు చేరింది నిన్న సాయంత్రం. రెండు నీలం గీతలు, ఒక ఎర్ర గీత పడ్డాయి. ఎర్ర గీత పడింది అబ్బాయి అద్దె ఇంటి గురించి. ఇంటి యజమాని ఇచ్చిన లేఖ ఫైలులో ఉందో లేదో తేలలేదు. రేపు ఫజర్ తర్వాత వాళ్ల అన్న ఫైలు నకలు తెస్తానన్నాడు. ఇంకా పదిహేడు రోజులున్నాయి.