బజ్జీల నూనె సబ్బైన కథ

కడప యోగి వేమన విశ్వవిద్యాలయంలో వ్యర్థాలను ఉత్ప్రేరకాలతో ఇంధనంగా మార్చడం మీద పరిశోధన చేస్తున్న మా ఊరు వేముల పిల్లలు నలుగురు, ఒక సదస్సులో చెప్పబోయేదాన్ని పోయిన ఆదివారం మా వసారాలో ఒకసారి నాకు ఒప్పజెప్పారు. ముప్పై ఏళ్లు హైస్కూల్లో సైన్సు చెప్పినవాణ్ణి, నోరు మూసుకుని వినడం నా వల్ల కాదు. వాళ్లతో అన్న మాటలే ఇవి.

1. ఉత్ప్రేరకం తోడు లాంటిది కాదు.

నేనూ ఏళ్ల తరబడి తోడు లాంటిదనే చెప్పాను. ఒకరోజు వెనక బెంచీ పిల్లోడు లేచి, "పెరుగు అయినాక తోడును మళ్లీ విడిగా తీయలేం గదా సార్" అన్నాడు. వాడిదే రైటు. తోడులోని సూక్ష్మజీవులు పాలను తిని పెరుగుతాయి. ఉత్ప్రేరకం పెళ్లిళ్ల పేరయ్య లాంటిది. ఇద్దరినీ కలిపి, తను మాత్రం ఎట్లా వచ్చినాడో అట్లే ఇంకో ఊరికి పోవాల.

కానీ పేరయ్యకూ వయసు మీద పడుతుంది. కట్టె, పొట్టు కాచగా వచ్చిన ఆవిర్లను వేడి ఉత్ప్రేరకం మీదుగా పంపితే దాని సన్న రంధ్రాల్లో మసి పేరుకుంటుంది. అందుకే మొదటిసారి ఎంత ఇంధనం వచ్చిందన్నది నాకు పట్టదు. ఐదోసారికి ఎంత? నలుగురిలో ఒక పాప చూపించిన గ్రాఫులో ఒక్క గీతే ఉంది.

"తక్కినవేవమ్మా?"

"తగ్గినాయి సార్, అందుకే పెట్టలేదు."

"ముందు అదే పెట్టు."

2. నూనె ఎవరి బాణలిలోంచి వచ్చిందో కనుక్కో.

1900లో పారిస్ ప్రదర్శనలో డీజిల్ ఇంజన్‌ను మన చెనిక్కాయ నూనెతోనే నడిపి చూపించారు. ప్రొద్దుటూరు నూనె మిల్లులవాళ్లు ఇది విని మీసం దువ్వొచ్చు. అయితే ఉత్త నూనె చిక్కన, ఇంజన్‌లో మసి కడుతుంది. మిథనాల్ కలిపి, కాస్టిక్ సోడా లాంటి ఉత్ప్రేరకంతో దాన్ని పల్చటి బయోడీజిల్‌గా మార్చాలి.

పుస్తకంలో అంతే ఉంది. అది నమ్మి బజ్జీల అంగడి నుంచి మాడిన నూనె తెచ్చి బడి ల్యాబులో మొదలుపెట్టాను. (మిథనాల్ విషం. పిల్లల్ని దగ్గరికి రానివ్వలేదు.) గంటకు గిన్నెలో తేలింది సబ్బు! బజ్జీల్లోని నీటి తడికి, పదేపదే కాగిన వేడికి నూనె విరిగి కొవ్వు ఆమ్లాలు విడిపోయి ఉంటాయి. సోడా ముందు వాటినే పట్టుకుంటుంది. పాత నూనెకు ఘన ఆమ్ల ఉత్ప్రేరకాలు వెతికేది ఇందుకే. అవి ఆమ్లాలను కూడా ఇంధనంగా మారుస్తాయి, పని అయినాక వడపోసి తీసుకోవచ్చు. నా సబ్బుతో మా ఆవిడ వారం రోజులు గిన్నెలు తోమింది. నురగకు వంక లేదు, వాసనే బజ్జీలది.

3. అడుగున మిగిలింది పారబోయొద్దు.

నూరు కిలోల నూనె బయోడీజిల్ అయితే సుమారు పది కిలోల గ్లిసరాల్ మిగులుతుంది. ఇంత గ్లిసరాల్ ఎవరు కొంటారు? హైదరాబాదులోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ (ఐఐసీటీ) శాస్త్రవేత్తలు దాన్నే గంధకామ్లంతో కాచి నల్లటి కార్బన్ ఉత్ప్రేరకం చేసి, దానితో మళ్లీ బయోడీజిల్ చేసి 2009లో ప్రకటించారు. పొయ్యిలోని బూడిదతో ఆ పొయ్యి మీది గిన్నెనే తోమడం అంటే ఇదే!

మా కడపలో, ఈ పిల్లల విశ్వవిద్యాలయంలోనే, ఎం.వి. శంకర్ గారి బృందం ఇంకో దారి పట్టింది. గోడల తెల్ల రంగులో వేసే టైటానియం డయాక్సైడును అతి సన్న గొట్టాలుగా చేసి, వాటికి కాపర్ ఆక్సైడ్ చేర్చి, గ్లిసరాల్ కలిపిన నీళ్లలో వేసి ఎండకు పెడితే హైడ్రోజన్ బుడగలు వస్తాయి. వెలుతురు తగిలి లేచిన ఎలక్ట్రాన్లు వెంటనే తమ ఖాళీల్లోకే పడిపోతే పనంతా దండగ. ఆ ఖాళీలను గ్లిసరాల్ నింపుతుంది, ఎలక్ట్రాన్లు పోయి హైడ్రోజన్‌ను విడిపిస్తాయి. మాకు కరువు నీళ్లకే గానీ ఎండకు కాదు.

4. చావని చెట్టు వేరు, కాచే చెట్టు వేరు.

2003లో ప్రణాళికా సంఘం కమిటీ బయోడీజిల్ కోసం జట్రోఫా చెట్లు వేయమని సిఫారసు చేసినాక దేశమంతా ఆ మాటే మోగింది. ఒక కంపెనీ మనిషి మా ఊరికొచ్చి, నీళ్లు అక్కర్లేదు, మేకలు ముట్టవు, గింజలు మేమే కొంటాం అన్నాడు. రెండెకరాలు వేశాను. మేకలు ముట్టలేదు, నిజమే. కాయలూ కాయలేదు. ఆ మనిషి ఫోనూ పలకలేదు. నాలుగేళ్లకు పీకి మళ్లీ చెనిక్కాయ వేశాను. అప్పటి నుంచి ఎవరైనా "బంజరు భూమిలో కూడా" అంటే ఎకరాకు ఎన్ని కిలోలని అడుగుతాను.

5. బరువు ఎవరు మోస్తారు?

పులివెందుల వైపు అరటి బోదెలు గుట్టలుగా పడి ఉంటాయి, వాటితో ఇంధనం చేస్తామన్నారు పిల్లలు. బోదెలో నూటికి తొంభై పాళ్లకు పైగా నీళ్లే. లారీకెత్తితే డీజిల్ కాల్చి నీళ్లు మోసినట్టే. చెనిక్కాయ పొట్టు నయం. కాయ బరువులో పావు వంతు పైనే, ఎండి కూడా ఉంటుంది. దాని ఇబ్బంది వేరే, లారీ నిండుతుంది గానీ తూకం లేవదు.

నా మాట వినీ విననట్టు ఆ గ్రాఫు పాప పరీక్షకని మా గాదె పక్కనున్న పొట్టును గోనెసంచి నిండా తొక్కించుకుని బయలుదేరింది. కడప బస్సులో కండక్టరు దానికి లగేజీ టికెట్ కొట్టినాడని సాయంత్రం ఫోను చేసింది.